గట్టు మీద నీలం బిళ్ళలు

ఏం చూశారో చెప్పండి.

వెనక్కి తిరిగి చూడకండి, మిమ్మల్నే అడుగుతున్నాను. మంచు ఇంకా విడవలేదు. మీరు కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోతున్నారు. కింద కోత అయిపోయిన వరి మడి ఉంది. గట్టు వార, ఒక తాటాకు ముక్క కింద మూతి దూర్చి ఓ కుక్క ఏదో గబగబా నములుతోంది. చూశారా లేదా? చూశారు. సైకిలు ఆపారా? ఆపలేదు. కుక్కన్నాక ఏదో తింటుందిలే అనుకుని పోయారు. నేనూ ఒకప్పుడు అలా అనుకుని పోయిన మనిషినే. ఆ రోజు నుంచి నాకు ఈ విషయంలో నెమ్మదిగా మాట్లాడడం చేతకాదు. కాబట్టి మీరు చూసీ చూడనట్టు పోయాక ఏం జరిగిందో నేనే చెబుతాను, వినండి.

ఆ మడి పక్కన బాతుల మంద దిగి ఉంది. బాతులు మేపేవాళ్ళకి ఒక ఊరంటూ ఉండదు. కోతలు ఎటు అయితే అటు మందని తోలుకుపోతారు. రాలిన గింజలూ, నత్తలూ మేపుకుని, ఆ మడి ఖాళీ కాగానే గుడారం పీకి ముందుకి కదులుతారు. ఈ మంద అంకమ్మది. మూడు వందల బాతులు, ఒక ఒంటెద్దు బండి, ఆ బండికి వీరయ్య అనే ముసలి ఎద్దు, గుడ్లు అమ్ముకురావడానికి ఒక పాత మోపెడ్, కాపలాకి రాయుడు అనే కుక్క. అంతే ఆమె సంసారం.

రాత్రంతా బాతులు వల లోపల ఉంటాయి. తెల్లారేసరికి గడ్డి మీద గుడ్లు పెట్టి ఉంచుతాయి. అంకమ్మ బుట్ట పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూల దాకా గుడ్లన్నీ ఏరుతుంది. ఆఖరి గుడ్డు బుట్టలో పడ్డాకే వల తీస్తుంది. ఈలోపు రాయుడు కొత్త మడి చుట్టూ ఒకసారి తిరిగి, పాములూ నక్కలూ లేవని చూసుకుని రావాలి. అది అతని ఉద్యోగం.

ఆ ఉద్యోగానికి ఒక గట్టి కట్టుబాటు ఉంది. అంకమ్మ చేత్తో పెట్టింది తప్ప నేల మీద దొరికింది ఏదీ నోట పెట్టకూడదు. బాతుల మందలో నేల మీద దొరికేవి గుడ్లే మరి! గుడ్డు రుచి మరిగిన కుక్కని ఏ మందా ఉంచుకోదు. రాయుడికి ముందున్న కుక్కని అందుకే కాలవ లాకుల దగ్గర వదిలేసి వచ్చింది అంకమ్మ. అది బండి వెనక మైలు దూరం పరిగెత్తి పరిగెత్తి ఆగిపోయిందట. ఈ కథ రాయుడు చాలాసార్లు విన్నాడు.

విన్నా కూడా తిన్నాడు. తాటాకు కింద చిరిగిన కవరులో నీలం బిళ్ళలున్నాయి. వేరుశనగ నూనె, బెల్లం, నూకలు కలిపిన వాసన. ముందు రోజు సాయంత్రం అంకమ్మ ఒంట్లో బాగాలేక గంజి పలచగా కాచింది. ఒక బిళ్ళ రుచి చూద్దామనుకున్నాడు. నాలుగు అయ్యాయి.

"బాగున్నాయా బావా?"

కాలవ వార జమ్ము గడ్డిలోంచి ఒక నక్క తల బయటికి వచ్చింది. దాని పేరు కోటప్ప. ఈ మంద దిగిన నాటి నుంచి బాతుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్న నక్క. రాయుడు ఉండగా వల దగ్గరికి రాలేక, లెక్కతోనే కడుపు నింపుకుంటోంది.

రాయుడు ఉలిక్కిపడి మూతి నాక్కున్నాడు. "నేనేం తినలేదు."

"నేను అడిగింది బాగున్నాయా అని. తిన్నావా అని అడగలేదు."

"కోటప్పా, నీ నోరు..."

"నా నోటికేంలే, శుభ్రంగా ఉంది. నీ నోటి సంగతి చూసుకో. బెల్లం వాసన, నూనె జిడ్డు. అంకమ్మక్క పసిగట్టిందంటే ఏమనుకుంటుంది? గుడ్డు తిన్నాడనుకుంటుంది. లాకులు ఇక్కడికి ఎంత దూరమో తెలుసా నీకు?"

రాయుడి తోక కాళ్ళ మధ్యకి పోయింది. "ఇవేమిటో కూడా నాకు తెలీదు. తినకూడనివేమో."

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

"కడుపులో నొప్పి?"

"లేదు."

"మరింకేం! చెడ్డదయితే ఈపాటికి పడిపోయేవాడివి కాదూ? పోయి కాలవలో మూతి కడుక్కో. ఇంత గడ్డి కొరుకు. ఎవరికీ చెప్పకు. మన ఇద్దరి మధ్యే ఉంటుంది, ఒట్టు."

చూడండి, ఎంత ముద్దుగా మాట్లాడిందో! ఆ బిళ్ళలేమిటో కోటప్పకి తెలుసు. వారం కిందట మడి రైతు వాటిని ఎలుకల బొరియల్లో పెడుతుంటే జమ్ములోంచి చూసింది. అవి మింగిన ఎలుకలు నాలుగో రోజు నుంచి మత్తుగా, ముక్కున రక్తంతో, పరిగెత్తలేక, గట్ల మీద తూలుతుండడమూ చూసింది. మిగిలిన కవరుని రైతు తాటాకు కింద పడేసి పోవడం కూడా చూసింది. ఇక కుక్కకి నాలుగు రోజులు అనుకుంది. ఆ తర్వాత మూడు వందల బాతులూ తనవే.

రాయుడు మూతి కడుక్కున్నాడు. గడ్డి కొరికాడు. ఏమీ జరగనట్టు గుడారం దగ్గరికి వచ్చి, బండి చక్రం పక్కన ముడుచుకుని పడుకున్నాడు.

వీరయ్య నెమరు ఆపింది. "ఒరే అల్లుడా, ఇలా రా."

"ఇక్కడే బాగుంది మామా."

"రోజూ వచ్చి నా గంగడోలు కింద దూరేవాడివి. ఇవాళ అంత దూరం ఎందుకు? మూతెందుకు తడిగా ఉంది?"

"దాహమేసింది."

"దాహమేస్తే నాలిక తడుస్తుంది. చెవుల దాకా తడవదు. ఏం తిన్నావు?"

వల లోపలి నుంచి చుక్కమ్మ మెడ సాచింది. మందలో అందరికన్నా పెద్ద బాతు, తల మీద తెల్ల మచ్చ. "ఏమిటీ? మా గుడ్డు తిన్నాడా?"

"నీ గుడ్డు కాదత్తా! నేను అలాంటివాణ్ణి కాదు!" రాయుడు లేచి నిలబడ్డాడు. "గట్టు మీద... ఏవో బిళ్ళలు. నీలంగా ఉన్నాయి. నాకేం కాలేదు మామా, చూడు, నిక్షేపంలా ఉన్నాను. అక్కకి చెప్పకండి. నన్ను లాకుల దగ్గర వదిలేస్తుంది."

"ఎన్ని?"

"ఒకటి."

వీరయ్య అలాగే చూసింది.

"...నాలుగు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. అంకమ్మక్క గుడ్లు ఏరడం మొదలుపెట్టినప్పుడు."

"కాస్త ఉప్పునీళ్ళు తాగించండి," అంది చుక్కమ్మ. "కక్కేస్తాడు. లేదంటే నూనె పోయండి. మా అమ్మమ్మ కాలం నుంచీ అదే మందు."

"నోరు ముయ్యి చుక్కమ్మా!"

వీరయ్య అంత గట్టిగా అరవడం అంతకుముందు ఎవరూ వినలేదు. మూడు వందల బాతులూ ఒక్కసారి నోళ్ళు మూశాయి.

"నాకు ఒక జతగాడు ఉండేవాడు," అంది వీరయ్య. గొంతు తగ్గింది. "పెంటయ్య. పదేళ్ళు ఒకే కాడి కింద నడిచాం. ఒకరోజు మందు కొట్టిన చేలో నాలుగు పరకలు మేశాడు. వాడు తినడం నేను చూశాను. కడుపు నిండిందిలే పాపం అనుకుని ఊరుకున్నాను. సాయంత్రానికి వాడు వణుకుతుంటే మనుషులు వచ్చి తలా ఒక మాట చెప్పారు. వెదురు గొట్టం నోట్లో పెట్టి నూనె పోశారు. అది కడుపులోకి పోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయింది. మందు చంపిందో, వైద్యం చంపిందో నాకు ఈనాటికీ తెలీదు. నాకు తెలిసింది ఒకటే. నేను చూసినప్పుడే అంబా అని అరిచి ఉంటే డాక్టరు వచ్చేవాడు. అప్పటి నుంచీ నేను ఒంటెద్దు బండి లాగుతున్నాను."

రాయుడు దగ్గరికి వచ్చి గంగడోలు కింద నిలబడ్డాడు.

"ఇప్పుడేం చెయ్యాలి మామా?"

"కక్కించడం, తాగించడం మన పని కాదు. డాక్టరు పని. మన పని చెప్పడం. ఏం తిన్నావో, ఎన్ని తిన్నావో, ఎప్పుడు తిన్నావో. మనకి మనుషుల మాట రాదు కాబట్టి ఆ కవరు తెచ్చి అంకమ్మ ముందు పెట్టు. ఖాళీ కొస పట్టుకో. లోపలున్నది నాకావో, కుమ్మి పారేస్తాను."

"నన్ను వదిలేస్తే?"

వీరయ్య జవాబు చెప్పేలోపు చుక్కమ్మ అడిగింది. "అల్లుడూ, ఆ బిళ్ళలు ఏ మడి గట్టు మీద ఉన్నాయి?"

"తూర్పు మడి."

"ఇంకాసేపట్లో మమ్మల్ని తోలేది ఆ మడికే కదా!"

అప్పుడు ముగ్గురూ అంకమ్మ వైపు చూశారు. ఆమె నాలుగో మూలకి వచ్చేసింది. బుట్ట నిండింది. గట్టిగా ఇంకో ఇరవై గుడ్లు ఉంటాయి. బాతులు ముక్కుకి ఏది తగిలితే అది మింగుతాయి. బిళ్ళా, గింజా అని చూసుకోవు.

రాయుడు ఇంక ఏమీ అడగలేదు. పరిగెత్తాడు.

గట్టు మీద కోటప్ప అడ్డం నిలబడింది. "ఎక్కడికి బావా, రెండో విడత భోజనానికా?"

"తప్పుకో."

"చెప్పడానికి పోతున్నావు, అంతేనా? పిచ్చోడా! చెబితే ఈ పూటే పోతుంది నీ కొలువు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. ఆ తర్వాత బాతులకి తెలుస్తుంది." రాయుడు పళ్ళు బయటపెట్టాడు. "కోటప్పా, నా కడుపు ఎలా ఉందో ఇందాకటి నుంచి తెగ అడుగుతున్నావు. మా అమ్మ కూడా నన్ను అన్నిసార్లు అడగలేదు. నీకెందుకింత ప్రేమ?"

కోటప్ప పక్కకి జరిగింది. రాయుడు కవరు కొస పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు.

అంకమ్మ ఆఖరి గుడ్డు బుట్టలో పెట్టి, వల ముడి మీద చెయ్యి వేసింది. రాయుడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆమె కంటికి ముందు కనబడింది కవరు కాదు, జిడ్డు మూతి. ఇంత కాలం మందలో బతికిన మనిషికి అలాంటి మూతి ఒకటే చెబుతుంది.

"గుడ్డు తిన్నావట్రా?" పక్కనే ఉన్న తాటి బద్ద చేతిలోకి తీసుకుంది. "నువ్వు కూడానా? నిన్ను బిడ్డలా చూసుకున్నాను కదరా!"

పారిపోవాలనిపించింది రాయుడికి. పారిపోతే దెబ్బ తప్పుతుంది. వల ముడి మాత్రం ఊడుతుంది. అతను ఒక్క అడుగు ముందుకి వేసి, కవరు ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, అక్కడే కూర్చున్నాడు. దెబ్బ పడితే పడనీ అన్నట్టు తల వంచాడు.

ఆమె కవరు మీద ఎలుక బొమ్మ చూసింది. కొస దగ్గర నలిగిన నీలం పొడి చూసింది. కుక్క మూతి పట్టుకుని పళ్ళు తెరిచి చూసింది. పళ్ళ సందుల్లో అదే నీలం.

తాటి బద్ద కింద పడింది.

"అయ్యో నా తండ్రీ! ఇది తిన్నావా?"

అంకమ్మ చదువుకున్నది తక్కువ. అయినా ఆ పూట ఆమె చేసిన పని చదువుకున్నవాళ్ళు చాలామంది చెయ్యరు. ఏడుస్తూ కూర్చోలేదు, ఎవరినో పిలిచి ఉప్పు తెమ్మనలేదు. వల ముడి ఇంకో చుట్టు బిగించి, పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది.

"నోట్లో ఏమీ పొయ్యలేదు కదా?" అడిగాడు డాక్టరు.

"లేదు సార్."

"పొయ్యకు. పాలు కూడా వద్దు. కవరు మీద మందు పేరు ఉంటుంది, ఆ కవరు గుడ్డలో చుట్టి తీసుకురా. చేతులు కడుక్కో. కుక్క బాగానే ఉంది కదా, సాయంత్రం చూద్దామని ఆగకు. ఇప్పుడే బయలుదేరు."

గుడ్లు అమ్మడానికి పోయే మోపెడ్ మీద, గడ్డి పరిచిన బుట్టలో రాయుడిని కూర్చోబెట్టుకుని పోతూ పోతూ, దారిలో మడి రైతు కనబడితే ఆపింది.

"చాటింపు వేయించామమ్మా," అన్నాడు రైతు. "ఎలుకల మందు పెట్టాం, కుక్కల్నీ కోళ్ళనీ కట్టేసుకోండని ఊరంతా చాటించాం."

"ఊళ్ళో చాటితే ఊరవతల గుడారానికి వినబడుద్దా? మిగిలింది తాటాకు కింద పడేస్తే కుక్కకి చదువొచ్చా? పద, నువ్వు పోయి ఆ గట్టంతా వెతికి, ఉన్నవన్నీ ఏరి పూడ్చిపెట్టు. నేను వచ్చేదాకా నా బాతులు వలలోనే ఉంటాయి."

రైతు తలపాగా సర్దుకుని గట్టు వైపు నడిచాడు. తప్పు తెలిసింది అతనికి.

డాక్టరు కవరు చదివాడు. ఒక సూది వేశాడు. తన ఎదురుగా, తన మందుతోనే రాయుడి చేత కక్కించాడు. నీలం నీలంగా పడింది. తర్వాత మాత్రలు రాసిచ్చి చెప్పాడు. "ఈ మందు తిన్న రోజున ఏమీ కనబడదమ్మా. అదే దీని మోసం. నాలుగైదు రోజులకి చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. అప్పుడు పరిగెత్తుకుంటూ వస్తారు, ఆపడానికి మా చేతుల్లో ఒక్కోసారి ఏమీ ఉండదు. నువ్వు గంటలో వచ్చావు. నెల రోజులు మాత్రలు మానకు. పరుగులు వద్దు, దెబ్బ తగలనివ్వొద్దు. నేను చెప్పినప్పుడు మళ్ళీ తీసుకురా, రక్తం చూస్తాను."

రాయుడు గుడారానికి తిరిగి వచ్చాడు. లాకులు దారిలోనే ఉన్నాయి. మోపెడ్ అక్కడ ఆగలేదు.

నాలుగో రోజు తెల్లవారింది. రాయుడు బండి కింద గోనె మీద ఉన్నాడు. పరుగులు వద్దన్నారు కాబట్టి అంకమ్మ అతన్ని చక్రానికి కట్టేసింది. జమ్ము అంచున కోటప్ప తల బయటికి వచ్చింది.

"ఎద్దన్నా! రాయుడు బావ కనిపించడేం?"

వీరయ్య నింపాదిగా నమిలింది. "బండి కింద ఉన్నాడు. మూడు రోజుల నుంచి లేచి తిరగడం లేదు."

అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు.

"అయ్యో పాపం! రక్తమేమైనా..."

"డాక్టరు కూడా రక్తం మాటే చెప్పాడు."

చుక్కమ్మ వల లోపల తల వాల్చి, "ఎంత మంచి కుక్కో!" అంది. అదీ నిజమే.

కోటప్పకి ఆ మూడు మాటలూ చాలు. వల కింద ఒక మూల ఎత్తి లోపలికి దూరింది. ఎప్పుడూ ఉండే చురుకు ఆ పూట దానిలో లేదు. కాళ్ళు బరువుగా పడుతున్నాయి. సగం దూరిందో లేదో, బండి కింద నుంచి రాయుడు మొరిగాడు. డాక్టరు పరుగు వద్దన్నాడు గానీ అరుపు వద్దనలేదు. నాలుగు రోజులు దాచుకున్న అరుపంతా ఒక్కసారి బయటికి వచ్చింది. మూడు వందల బాతులు దానికి తోడు పాడాయి. కోటప్ప అదిరిపడి ఎగిరింది, వలలో ఒక కాలు, మెడ, తోక మూడూ చిక్కుకున్నాయి.

అంకమ్మ తాటి బద్ద ఎత్తుకుని వచ్చింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నక్క ముక్కు నుంచి సన్నగా రక్తం కారుతోంది. చిగుళ్ళు సున్నంలా తెల్లబడ్డాయి.

"దొంగ సచ్చినోడా," అంది ఆమె మెల్లగా. "నువ్వు కూడా తిన్నావా?"

ఆమె పెద్ద గంప తెచ్చి నక్క మీద బోర్లించి, పైన బండరాయి పెట్టి, డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన అటవీ శాఖ వాళ్ళతో మాట్లాడి, బోనుతో బండి పంపిస్తున్నామని చెప్పాడు.

బండి వచ్చేలోపు గంప సందుల్లోంచి సన్నటి గొంతు వినబడింది. "నేనేం తినలేదు బావా."

వీరయ్య గంప దగ్గరికి వంగింది. "ఆ బిళ్ళలు నువ్వు ముట్టవు, తెలుసు. బిళ్ళలు మింగిన ఎలుకల్ని మింగావు. తూలుతున్న ఎలుకలు సుళువుగా దొరికాయి కదా? ఎన్ని?"

"రెండు."

"కోటప్పా."

"...ఐదు."

"కోటప్పా!"

"పదకొండు," అంది కోటప్ప. ఏడుపు గొంతు. "అంత సుళువుగా ఎప్పుడూ దొరకలేదన్నా. ఒంట్లో బాగాలేదని నిన్నే తెలిసింది. ఎవరితో చెప్పను? నాకు ఎవరున్నారు చెప్పుకోవడానికి?"

రాయుడు తాడు సాగినంత దూరం వచ్చి గంప పక్కన పడుకున్నాడు. "మాకు చెప్పావుగా. ఇంక ఊరుకో. కదిలితే రక్తం ఎక్కువ కారుతుందట."

"నేను నీ చావు కోరాను."

"తెలుసు. ఊరుకోమన్నానా!"

బోను బండి వచ్చింది. కోటప్పని ఎత్తుకుపోయారు. డాక్టరు దూరం కాకూడదని అంకమ్మ మందని ఆ చుట్టుపక్కల మళ్ళలోనే తిప్పింది. నెల తిరిగి రాయుడి మాత్రలు అయిపోయిన రోజు, కాలవ అవతల నుంచి ఒక నక్క ఊళ వినబడింది. కాస్త బొంగురుగా ఉంది. రాయుడు తల ఎత్తి, కట్టు లేని మెడతో, ఒకసారి మొరిగి జవాబు చెప్పాడు. వల మాత్రం ఇంకో ముడి ఎక్కువే బిగించి ఉంది. చుక్కమ్మ అంత తేలిగ్గా మర్చిపోయే బాతు కాదు.

ఇందులో నీతి ఒక్క మాటే: తినడం పొరపాటు కావచ్చు, చెప్పడం ఎప్పుడూ పొరపాటు కాదు.

కుక్కకి చెప్పడానికి మాట లేదు. కవరు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టే కుక్క కథలోనే దొరుకుతుంది. బయట గట్ల మీద, చెత్తకుప్పల దగ్గర, మీ వీధి మలుపులో తినేవాటికి మీ కళ్ళే దిక్కు. రేపు పొద్దున మీరు మళ్ళీ అదే దారిన పోతారు, ఏదో ఒక కుక్క మూతి దూర్చి ఏదో నములుతూ ఉంటుంది. సైకిలు ఆపుతారా?